బొల్లారపు దుకాణములు - చేతిఫోను చిత్రములు

పటాన్‌చెరువు పరిసరములలోని బొల్లారము పేరు చెప్పగానే దూరప్రాంతములవారికి స్మరణకు వచ్చునవి మందుల కర్మాగారములును, వాని మురుగునీరును. ఈ రెండింటిలో దేనిని గూర్చి వ్రాయబూనినను పత్రిక పుటలు చాలవు. నేడు మేము ప్రస్తావింపదలచినది ఆ పొగగొట్టముల నీడలో బ్రదుకు సాగించుచున్న చిన్న దుకాణములను గూర్చి. ఇంకను స్పష్టముగా జెప్పవలెనన్న, ఆ దుకాణదారులు తమ సరకును, తమ పనితనమును లోకమునకు జూపుటకై చేతిఫోనులతో దీయుచున్న వీడియోలను గూర్చి. ఇది సంపాదకీయపుటకు దగిన విషయమా యని కొందరు పెద్దలు బొమలు ముడివేయవచ్చును. వర్తకుడు తన వస్తువును గూర్చి నిజము చెప్పుచున్నాడా, అబద్ధమాడుచున్నాడా యనునది ప్రజావిషయము గాకపోయినచో మఱి యేది ప్రజావిషయమో వారే సెలవీయవలెను.

1970, 1980 దశకములలో ఈ ప్రాంతమున పారిశ్రామికవాడలు వెలసినవి. పొలములు పోయి ప్రహరీలు లేచినవి. తెలుగు జిల్లాలనుండియే గాక ఒడిశా, బీహారు మొదలగు రాష్ట్రములనుండి కూలిజనము వచ్చి చేరినది. వారి వెంట వారికి అన్నము వండువారును, బట్టలు కుట్టువారును, మోటారుసైకిళ్లు బాగుచేయువారును, కర్మాగారముల అరిగిన యంత్రభాగములను లేతు మీద నునుపు చేయువారును వచ్చిరి. 2018 లో బొల్లారము పురపాలక సంఘమయ్యెను. 2025 డిసెంబరులో దానిని హైదరాబాదు మహానగర పాలక సంస్థలో గలిపివేసిరి. ఊరి స్వరూపము పదేండ్లకొకమారు మారుచున్నది గాని, చిన్న దుకాణదారుని స్థితిలో మార్పు రాలేదు. గిరాకీ వచ్చిన దినమున పొయ్యి మండును. రాని దినమున అప్పు మండును.

ఇప్పుడా గిరాకీ ఎక్కడనున్నది? వీథిలో లేదు, ఫోనులో నున్నది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమైన పిదప ఇంటర్నెట్టు ధర మిక్కిలి దిగివచ్చి, షిఫ్టు ముగించుకొని గదికి జేరిన కూలివాని చేతిలోనికిగూడ కదలుబొమ్మలు వచ్చినవి. 2020 జూన్ 29 న కేంద్రప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 చీనా యాపులను నిషేధించినది. ఆ స్థానమును ఆక్రమించుటకు జూలైలో ఇన్‌స్టాగ్రాము వారి రీల్సును, సెప్టెంబరులో యూట్యూబు వారి షార్ట్సును ఈ దేశమున అవతరించినవి. నాటినుండి నిమిషమునకు లోబడిన నిలువు వీడియో మన ప్రజల నిత్యాహారమైనది. ఎవడేమి తినవలెనో, ఏ దర్జీయొద్ద కుట్టించుకొనవలెనో, ఏ దుకాణమున బూట్లు కొనవలెనో ఆ బొమ్మలే నిర్ణయించుచున్నవి. పెద్ద సంస్థలకు దీనికై వేతనములు గొని పనిచేయు బలగము లున్నవి. మడిగె అద్దెకు దీసికొని టిఫినులమ్ముకొనువానికి ఉన్నది వాని కొడుకు, వాని ఫోను.

వర్తకుడు తన వస్తువునకు తానే ప్రచారము చేసికొనుట నీచమను భావము మన చదువరులలో ఇంకను గలదు. "మంచి సరకునకు చాటింపు అక్కరలేదు" అందురు. ఈ మాట వినసొంపుగా నున్నది గాని, చరిత్ర దీనిని బలపరచుట లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893 లో బొంబాయిలో అమృతాంజనమును తయారుచేయ మొదలిడినపుడు, దానిని సంగీతసభలలో ఉచితముగా బంచిపెట్టిరి. పాట వినుచు తలనొప్పికి రాచికొన్నవాడు మఱునాడు కొనుటకు వచ్చెను. ఆ పసుపుపచ్చని లేపనముపై వచ్చిన ద్రవ్యమే 1908 లో ఆంధ్రపత్రికకు పెట్టుబడియై, 1914 లో అది మద్రాసున దినపత్రికగా మారుటకు ఆధారమైనది. దేశోద్ధారకులని ఆంధ్రులు కొనియాడిన మహాపురుషుడు ప్రకటనలను సిగ్గుపడదగినవిగా నెంచలేదు. ఆయన పద్ధతిలో గమనింపదగినది మఱియొకటి గలదు. మాటలతో ఊదరగొట్టలేదు; వస్తువును నొసటికి రాసి చూపెను. నేటి వీడియోకు ఇంతకు మించిన పాఠము లేదు.

పూర్వము ఊరిలో టముకు వేయించెడివారు. పిమ్మట సినిమాహాలులో ఆట మొదలగుటకు ముందు తెరమీద వస్త్రదుకాణముల స్లైడులు వేసెడివారు. గోడలకు సున్నముకొట్టి పళ్లపొడి పేర్లు వ్రాసెడివారు. ఇవన్నియు డబ్బిచ్చినవాని గొంతుకలే. నేటి చేతిఫోనులో నున్న విశేష మేమన, పైకము లేనివాడుకూడ చాటింపు వేయగలడు. విశేషము ఇదియే, ప్రమాదమును ఇదియే.

ప్రమాదమేమో చెప్పెదము. ప్రస్తుతము మన వాడలలో ఒక వింత పద్ధతి ప్రబలియున్నది. దుకాణమునకు క్రొత్త బోర్డు కట్టిన మూడవనాడు ఎవరో యిద్దరు యువకులు ఫోను, దీపము, కఱ్ఱ పట్టుకొని వత్తురు. తమకు లక్షలాది అనుచరులున్నారని చెప్పి, వీడియోకు వేలకు వేలు అడుగుదురు. వారు తీయు వీడియో అన్ని ఊళ్లలోను ఒక్కటే. ముద్ద నోట బెట్టుకొని కన్నులు పెద్దవిచేయుట, తల పంకించుట, వెంటనే ఆ నెలలో మారుమ్రోగుచున్న సినిమాపాట యొకటి. బిర్యానికి నదే, బూట్లకు నదే, దంతవైద్యశాలకు నదే. చూచువాడు చూచును, నవ్వును, వ్రేలితో పైకి ద్రోసివేయును. రెండువేల మంది చూచిరని దుకాణదారుడు సంతోషించును. ఆ రెండువేల మందిలో వెయ్యిమంది ఖమ్మములోను, కర్నూలులోను ఉన్నారని వానికి దెలియదు. వారు దోసె తినుటకు బొల్లారము వత్తురా?

ఇట్టి కూలిపొగడ్తలకు చట్టముకూడ కళ్లెము వేసినది. పైకముగాని, వస్తువుగాని పుచ్చుకొని పొగడువాడు ఆ సంగతిని స్పష్టముగా దెలుపవలెనని ప్రకటనల ప్రమాణమండలి 2021 లోను, కేంద్రప్రభుత్వము 2023 జనవరిలోను నియమములు వెలువరించినవి. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము క్రింద మోసపుచ్చు ప్రకటనకు పది లక్షల వఱకును, మరల చేసినచో ఏబది లక్షల వఱకును జరిమానా విధింపవచ్చును. చక్కెరవ్యాధిని కుదుర్చుననియు, మోకాళ్లనొప్పిని మాయము చేయుననియు చిరుధాన్యపు పిండిని, మూలికల పొడిని అమ్ముకొనువారు 1954 నాటి ఔషధముల, ఇంద్రజాల చికిత్సల ప్రకటనలచట్టము నొకమారు చదివించుకొని వినవలెను. అనుచరుల సంఖ్యయే అర్హతగా బ్రదికినవారి గతి యేమైనదో మనము 2025 మార్చిలో జూచితిమి. పందెపు యాపులను పొగడి యువకులను అప్పులలోనికి దింపిరన్న ఆరోపణపై పేరుమోసిన యూట్యూబువారిమీదను, సినిమానటులమీదను తెలంగాణ పోలీసులు కేసులు పెట్టిరి. నిన్న పందెమును పొగడిన నోటితో నేడు మన పచ్చడిని పొగడించుకొనుట మన పచ్చడికి గౌరవమా?

ఇంక కీర్తి అమితముగా వచ్చినచో నేమగునో హైదరాబాదు వీథులు చూచినవి. మాదాపురము ప్రాంతమున బాటప్రక్కన 2011 నుండి భోజనము వడ్డించుచున్న యొక గృహిణి కుమారీ ఆంటీ యను పేర తెలుగునాట నెల్లెడల బ్రసిద్ధురాలైనది. ఆమె నాట్యము చేయలేదు. పళ్లెములో ఏమేమి వడ్డించెనో చెప్పి, లెక్క చెప్పి, మొత్తము చెప్పినది. తొందరలేని ఆ గొంతుక, దాపరికములేని ఆ లెక్క జనమును పట్టుకొన్నవి. అయితే 2024 జనవరి నాటికి వచ్చినవారిలో తినువారికంటె ఫోనులు పట్టుకొన్నవారు హెచ్చైనందున బాట స్తంభించినది. పోలీసులు దుకాణమును తీసివేయించిరి. జనవరి 31 న ముఖ్యమంత్రి కల్పించుకొని ఆమెను అచ్చటనే కొనసాగనిండని చెప్పవలసివచ్చినది. అందఱి విషయమున ముఖ్యమంత్రులు కల్పించుకొనరు. బొల్లారపు బాటలు మాదాపురపు బాటలవలె విశాలములు గావు. వానిపై ట్యాంకరులు తిరుగును. కావున దుకాణదారుడు కోరవలసినది లోకప్రఖ్యాతి గాదు. రెండు మైళ్ల లోపలి ప్రజలలో నమ్మకము. వీడియో తీయుటకు ముందు ఈ భేదమును గ్రహించినవాడు సగము పని ముగించినట్లే.

మన పల్లెల ఉదాహరణములను మఱువరాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012 లో మొదలైన "మై విలేజ్ షో" గంగవ్వను తెలుగువారి ప్రతి యింటికిని జేర్చినది. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామమున నూఱేండ్లు దాటిన మస్తానమ్మ కట్టెలపొయ్యి ముందు గూర్చుండి పుచ్చకాయలో కోడికూర వండుచుండగా ఖండాంతరములవారు చూచిరి. ఆమె 2018 డిసెంబరులో స్వర్గస్థురాలైనది. ఈ ముసలమ్మ లిరువురును ఎవరిని అనుకరించిరి? ఎవరినిగాదు. తమ మాట, తమ చీర, తమ పొయ్యి. మన యువకులు మాత్రము ఇంగ్లీషు యాసతో తెలుగు మాటలాడి, తెలుగు యాసతో ఇంగ్లీషు మాటలాడి, రెండిటికిని జెడుచున్నారు.

అయితే దృశ్యకళలో బొల్లారమువారికి గురుస్థానము వహింపదగినవారు ఇంకను చేరువలో, సంగారెడ్డి జిల్లాలోనే యున్నారు. జహీరాబాదు చెంత పస్తాపురమున 1983 లో డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ స్థాపితమైనది. 1998 ప్రాంతమున ఆ సంస్థ సంఘములలోని దళితస్త్రీలు, బడిమొగమెరుగని వ్యవసాయకూలీలు, వీడియో కెమెరా పట్టుట నేర్చిరి. 2001 లో వారిదే యొక మీడియా ట్రస్టు ఏర్పడినది. వరంగల్లు ప్రాంతపు బి.టి. పత్తి రైతుల కడగండ్లను వారు చిత్రించిన తీరు దేశదేశముల చర్చకు వచ్చినది. 2008 అక్టోబరు 15 న మాచునూరులో వారి "సంఘం రేడియో" ప్రసారములు మొదలిడినది.

ఈ స్త్రీలు కెమెరాచూపులకు బెట్టుకొన్న పేర్లు మాకు మిక్కిలి నచ్చినవి. క్రిందనుండి పైకి జూచు చూపునకును, పైనుండి క్రిందికి జూచు చూపునకును వారు పటేలునకు, బానిసకు గల సంబంధమును దెలుపు పేర్లు పెట్టిరి. ఎదుటి మనిషి కన్నులకు సమానమైన ఎత్తున కెమెరా నుంచి తీయుదానిని "సంఘం షాట్" అనిరి. సంఘమున నందఱు సమానముగా గూర్చుందురు గనుక. సినిమాపాఠశాలలలో లావుపాటి గ్రంథములు చెప్పు సంగతిని వారు ఒక్క మాటలో దేల్చిరి. బొల్లారపు వీడియోలను జూడుడు. దుకాణము యజమాని కుర్చీలో గూర్చుండగా కెమెరా క్రిందనుండి వానిని రాజువలె జూపును; గిన్నెలు తోముచున్న పిల్లవానిని, దోసె వేయుచున్న వంటవానిని పైనుండి, తల మాత్రమే కనబడునట్లు, యంత్రభాగములవలె జూపును. చూచువాడు ఎవడు? వాడును ఒక వంటవాడే, ఒక కూలివాడే. తన్ను పైనుండి చూచు దుకాణమును వాడు ప్రేమించునా? దోసె వేయువాని చేతి ఎత్తునకు, వాని కన్నుల ఎత్తునకు కెమెరాను దింపుడు. దీనికి కానీ ఖర్చు లేదు.

ఇంక పని విషయము. ఒక లేతు దుకాణమును దీసికొందము. పంపు షాఫ్టు ఒకటి అరిగి వచ్చినది. దానిపై వెల్డింగుతో లోహమును పేర్చి, మరల లేతు మీద కొలతకు దించవలెను. అరిగిన షాఫ్టు మీద వ్రేలు పెట్టి ఆ గాడిని జూపుట మొదటి రెండు క్షణములు. నిప్పురవ్వలు నాలుగు క్షణములు. లోహపుచుట్టలు చుట్టలుగా ఊడిపడుట పది క్షణములు. చివర మైక్రోమీటరుతో కొలిచి, అంకెను దగ్గఱగా జూపుట. ఇంతే. మాట లేదు, పాట లేదు. లేతు చప్పుడే దానికి సంగీతము. ఈ వీడియోను జూచిన కర్మాగారపు మరమ్మతుల అధికారి ఆ అంకెను జూచి ఫోను చేయును. రెండువేల మంది చూడనక్కఱలేదు. ఇరువదిమంది అట్టివారు చూచిన చాలును. ఇదే దుకాణదారుడు దేవుని పటమునకు దండము పెట్టుటతో మొదలిడి, దుకాణము పేరును గిరగిర త్రిప్పి, నలుబది క్షణముల తరువాత షాఫ్టును జూపెనా, అప్పటికి చూపరి పొరుగూరు చేరియుండును. దైవభక్తికి మేము వ్యతిరేకులము గాము. దండము కెమెరా తెఱచుటకు ముందు పెట్టుకొనవచ్చును.

మొదటి మూడు క్షణములలో పని కనబడవలెనని మేము నొక్కి చెప్పుటకు కారణమిదియే. అన్నము దుకాణమైనచో మూత తీయగనే లేచు ఆవిరి. దర్జీయైనచో కత్తెర బట్టమీద పరువెత్తుట. చెప్పులవాడైనచో తెగిన అట్టను ఊడబెరుకుట. ఫోనును నిలువుగా బట్టవలెను, ఏలనన చూచువాడు నిలువుగానే పట్టును. ఉదయపు వెలుగు వాకిట నుండగా లోపలి గొట్టపుదీపముల క్రింద తీయుట తెలివి గాదు. బొల్లారపు బాటమీద లారీల మ్రోత యెక్కువ. మాటలాడవలసివచ్చినచో చెవిలో బెట్టుకొను తీగమైకును చొక్కాకు దగిలించుకొనుడు. అనేకులు శబ్దము లేకుండ జూతురు గనుక ముఖ్యమైన మాటలను తెరమీద అక్షరములలో వ్రాయుడు, పెద్దవిగా, తప్పులు లేకుండ. ఆ అక్షరములు ఏ భాషలో? తెలుగులో ముందు, పిదప హిందీలో. ఒడియా కూలీలు హెచ్చుగా నున్న వాడలో రెండు మాటలు ఒడియాలో వ్రాయించుకొన్న వంటశాలకు వారు రాక యెటు పోదురు? పొరుగువాని భాషలో పిలుచుట మన భాషకు ద్రోహము గాదు. పిలుపునకు వచ్చినవానికి తెలుగు నేర్పవచ్చును గూడ.

ధర చెప్పుడు. మన వర్తకులలో ధరను దాచి, "వాట్సాపునకు సందేశము పంపుడు" అనుట ఫ్యాషనైనది. నెలజీతములో సగము ఇంటికి బంపు కూలివానికి మొదటి ప్రశ్న ధరయే. పళ్లెము ఎంత, మీదకూర ఎంత, పార్సెలునకు హెచ్చేమైన నున్నదా? ఆ లెక్క చెప్పియే గదా మాదాపురపు గృహిణి అంతటి కీర్తి గడించినది. ఆహారము అమ్ముకొనువారు తమ ఆహారభద్రతా నమోదు సంఖ్యను, వాడు నూనెను, కడిగిన గిన్నెలను గూడ జూపుట మేలు. మురుగునకు పేరుపడిన ప్రాంతమున శుచిని జూపువాడే నిజమైన దేశసేవకుడు.

చిరునామా విషయమున బొల్లారమువారికి ప్రత్యేకమైన చిక్కు గలదు. సికిందరాబాదు దండుప్రాంతమున, రాష్ట్రపతి నిలయ మున్నచోట, మఱియొక బొల్లారము గలదు. దానికి రైలుస్టేషనుకూడ నున్నది. ఊరిపేరు మాత్రమే చెప్పి ఊరకున్నచో పటము జూచుకొని బయలుదేరినవాడు ఆ బొల్లారమునకు జేరును. మడిగె ఏ కర్మాగారపు గేటు కెదుట, ఏ బస్సునిలుపు వెనుక నున్నదో వీడియోలోనే నడచి చూపవలెను. గూగులు పటములో గుర్తు పెట్టించుకొనవలెను. కవితాత్మకమైన వర్ణనలు చేసి దారి చెప్పనివాడు శకునము చెప్పువానివంటివాడు.

వీడియోలను ఎప్పుడు పెట్టవలెనను విషయమును గూర్చి పట్టణపు నిపుణులు ఏవేవో చెప్పుదురు. బొల్లారమునకు దాని గడియారము దానికున్నది. షిఫ్టు విడుచువేళకు అరగంట ముందు పెట్టిన టిఫిను వీడియోకును, అర్ధరాత్రి పెట్టినదానికిని భేదము చెప్పనక్కఱలేదు. వారమునకు రెండైనను క్రమము తప్పక పెట్టుట ముఖ్యము. ఒకనాడు పది పెట్టి నెలరోజులు నిద్రించు దుకాణమును చూపరులు మూతపడినదనుకొందురు. క్రింద వచ్చిన ప్రశ్నకు నాడే జవాబీయవలెను. జవాబు మర్యాదగా నుండవలెను. ధర హెచ్చని యన్న కొనుగోలుదారునకు పంపిన దూషణవాక్యములు బయటపడి, గోదావరి తీరపు పచ్చళ్ల వ్యాపార మొకటి 2025 లో మూతవేసికొనవలసివచ్చిన వృత్తాంతము మన పాఠకులకు దెలిసినదే. ఎన్ని వేలమంది చూచిరను అంకెను గల్లాపెట్టెలో వేయలేము. వచ్చిన ప్రతివానిని "మమ్ము ఎట్లు దెలిసికొంటిరి?" అని యడిగి, ఖాతాపుస్తకపు అంచున గీత గీయుడు. నెలకు ఆ గీతలను లెక్కించినచో ఏ వీడియో అన్నము పెట్టినదో, ఏది నవ్వులు మాత్రమే తెచ్చినదో తేలిపోవును.

సినిమాపాటలను గూర్చి యొక మాట. పాటకు హక్కుదారు లుందురు. వ్యాపారపు ఖాతాలకు ప్రసిద్ధగీతములను ఇన్‌స్టాగ్రాము వారే నిరాకరించుచున్నారు. దొంగదారిన దగిలించినచో వీడియో నోరు నొక్కివేయబడును. లేతు చప్పుడు, అట్లపెనము చుఱచుఱ, కుట్టుమిషను టకటకలపై ఎవరికిని హక్కులు లేవు.

చేయరానివియు గలవు. మా దృష్టిలో ఇదియే అన్నిటికంటె ప్రధానము. ఈ వాడలోని మందుల కర్మాగారములలో త్వరగా నంటుకొను ద్రావకముల నుపయోగింతురు. అట్టి చోట్లకు చేతిఫోనును తీసికొనిపోరాదను నియమము ఊరక పెట్టినది గాదు. 2025 జూన్ 30 న పాశమైలారములో సిగాచి కర్మాగారము ప్రేలి నలువదిమందికి మించి ప్రాణములు గోల్పోయిన ఘోరమును ఈ ప్రాంతము మఱువలేదు; ఆ పొగ దృశ్యములే నాడు దేశమంతట ఫోనులలో దిరిగినవి. కర్మాగారపు పనులు చేయు చిన్న గుత్తేదారులు తమ ఘనతను జూపుకొనుటకై లోపలికి ఫోను దీసికొనిపోయి వీడియోలు తీయుట ఆత్మహత్యాసదృశము. తమ దుకాణమున తీయుచున్నను కండ్లద్దాలు లేకుండ వెల్డింగు చేయించుట, తిరుగుచున్న యంత్రమునకు పనివాని చేయి దగ్గఱ చేర్చి వీరత్వము జూపించుట తగదు. చూచిన పిల్లలు నేర్చుకొందురు. పనివానిని, భోజనమునకు వచ్చినవానిని అడుగక తీయరాదు; ముఖ్యముగా స్త్రీలను. ఇంటికి దెలియక చిల్లర కొలువు చేయు పిల్లవాడు, అప్పులవారికి దొరకక దూరముగా నున్న కూలి, ప్రతివానికిని దాచుకొనదగిన సంగతులుండును. వాని మొగమును అమ్మి మన అట్లు అమ్ముకొనరాదు.

ఈ పీఠములు మనవి కావనునది ఎల్లప్పుడు జ్ఞప్తియందుంచుకొనవలెను. యూట్యూబును గూగులు 2006 లో కొనినది. ఇన్‌స్టాగ్రాము, వాట్సాపు మెటావారివి. రెండును అమెరికా సంస్థలు. మన దోసె, మన షాఫ్టు, మన శ్రమ వారి పంటపొలము. పైకము చెల్లించినచో నెక్కువమందికి జూపెదమని వారే మన యొద్ద సుంకము గొందురు. ఇట్లు విదేశసంస్థలకు బోవు ప్రకటనధనముపై 2016 లో మన ప్రభుత్వము విధించిన నూటికి ఆరు వంతుల పన్నునుగూడ 2025 ఏప్రిల్ 1 నుండి ఎత్తివేసినది. ఇది యే కారణమున జరిగినదో యెఱుగనివారము గాము. అమెరికా సుంకముల బెదరింపు నాడు దేశమెల్ల వినబడుచుండెను. ఈ మార్గమును బహిష్కరింపుడని మేము చెప్పబోము. అట్లు చెప్పుట టిఫినులవానిని ఆకలికి విడుచుటయే. కాని 2020 లో ఒక్క రాత్రిలో టిక్‌టాక్ మూతపడినపుడు ఏండ్ల తరబడి అచ్చట అనుచరులను గూడబెట్టుకొన్నవారి కష్టము నీటి మూటయైనది. అద్దెయింటిలో చెట్టు నాటువాడు విత్తులను తనయొద్ద నుంచుకొనవలెను. తీసిన ప్రతి వీడియోకు నకలు దాచుకొనుడు. కొనుగోలుదారుల పేర్లు, ఫోను సంఖ్యలు, వారి సమ్మతితో, స్వంత పుస్తకమున వ్రాసికొనుడు.

మా పాఠకులలో మడిగెలకు యజమానులైనవా రనేకులు గలరు. వారికొక విన్నపము. దుకాణము ముందు నాలుగు మోటారుసైకిళ్లు నిలువగానే అద్దె పెంచుటకు వచ్చు యజమానులను గూర్చి వినుచున్నాము. రెక్కలు విదిల్చినంతనే పిట్టను గోసికొని తినువాడు గ్రుడ్లు కోరరాదు. అంతకంటె, అద్దెదారు ఫోనుతో తీయుటకు వాకిట నిలిచినపుడు కాలువమీది చెత్తను దీయించి, గోడకు సున్నము వేయించినచో మడిగె విలువ తనంతటనే హెచ్చును.

కార్యరూపమున చేయదగినది పెద్దది గాదు. బొల్లారము, కాజిపల్లి, గడ్డపోతారము, బొంతపల్లి దుకాణదారులలో ఇరువదిమంది కూడి, ఒక ఆదివారము పస్తాపురమునకు పోవలెనని మా సూచన. కెమెరా పట్టిన ఆ స్త్రీలను దర్శించి, తగిన పారితోషిక మిచ్చి, రెండుమూడు పూటలు పాఠము చెప్పించుకొనవలెను. అక్షరము రాకున్నను కన్ను తెఱచినవారు వారు. పాఠమునకు దీసికొనిపోవలసినవి ఎవరి ఫోను వారు, ఎవరి పని వారు: దర్జీ తన కత్తెరను, చెప్పులవాడు తన ఆరెను. పటాన్‌చెరువు కూడలిలో జహీరాబాదు బస్సు దొరకును.